గాలి కొట్టేవాడు

లింబాద్రి ఆర్గన్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని పిడి ఇరుసుకు వేలితో నూనె రాస్తున్నాడు. వారం నుంచి దాన్ని ఎవరూ వాయించడం లేదు. వాయించకపోతే నూనె రాయకూడదని ఎక్కడైనా ఉందా? రాస్తాడు, ఎవరేమనుకున్నా సరే.

బీరువా అంత ఉంటుంది ఆ ఆర్గన్. ముందు వరసగా బంగారు పూత చెదిరిన గొట్టాలు, కింద హార్మోనియంకు ఉన్నట్టే మెట్లు. ఏనాడో ఇంగ్లండులో ఎవరో షావుకారు తన ఇంట్లో పెట్టుకోవడానికి చిన్నదిగా కట్టించుకున్నాడట. ఇంటి యజమాని, అందరూ బాబా అని పిలిచే ఒమానీ ముసలాయన, అక్కడ చదువుకునే రోజుల్లో దాన్ని పాతసామాన్లలో కొని, ఓడలో మస్కట్‌కు తెచ్చుకున్నాడు. ఇప్పుడు సీబ్‌లోని ఈ విల్లా హాల్లో, సోఫాల మధ్య, పిలవని చుట్టంలా నిలబడి ఉంది. హార్మోనియం అయితే వాయించేవాడే తిత్తి కొట్టుకుంటాడు. దీనికి ఇద్దరు కావాలి. మెట్ల ముందు బాబా, పక్కన తిత్తికి గాలి కొట్టే పిడి దగ్గర లింబాద్రి. పిడి ఆగిందా, ఎంత గొప్ప పాటైనా అంతే సంగతులు.

మెట్‌పల్లి దగ్గరి ఊళ్లో బీడీలు చుట్టే భార్య శాంతవ్వకు ఈ ఉద్యోగం ఫోన్లో ఎంత చెప్పినా ఎక్కదు.

"గాలి కొట్టుడేం పనయ్యా! సైకిల్ షాపు వెట్టినవా?"

"గట్లనే అనుకో. నేను కొట్టకుంటే బండి నడ్వది" అంటాడు లింబాద్రి, ఏమాత్రం తగ్గకుండా.

అంతకు ముందు ఈ దేశంలోనే రుస్తాఖ్ అనే ఊళ్లో సైట్ పని. కాంక్రీటు మోశాడు. ఫోర్‌మన్ తిడితే తల వంచి "జీ సాబ్" అన్నాడు. పరంజా మీంచి పడి ఎడమ భుజం విరిగిన రోజూ "జీ సాబ్" అనే అన్నాడు, ఏం పాపం చేశాడని! కంపెనీ వదిలేస్తే బాబా తోటపనికి పెట్టుకున్నాడు. ఒక సాయంత్రం పిలిచి పిడి చేతికిచ్చాడు. ఈ పదేళ్లలో లింబాద్రి మెడ కాస్త నిటారైంది.

పొద్దున బయల్దేరుతూ బాబా కొడుకు హమద్ హిందీలో గట్టిగానే చెప్పాడు. తండ్రి గుండె బాగా దెబ్బతింది. లేచి కూర్చోవడమే వద్దన్నాడు డాక్టర్. లింబాద్రి గాలి కొట్టాడని తెలిస్తే వీసా క్యాన్సిల్. హమద్ చెడ్డవాడేం కాదు, తండ్రి నాలుగు రోజులు ఎక్కువ బతకాలని అతని ఆశ.

కారు గేటు దాటిందో లేదో, బాబా గోడ పట్టుకుని వచ్చాడు. కాళ్లదాకా ఉండే తెల్లటి అంగీ, దిష్‌దాషా, ఒంటి మీద వేలాడుతోంది. స్టూలు మీద కూర్చుని మెట్ల మీది మూత ఎత్తాడు.

"లింబా, హవా."

వంటింట్లోంచి గురవమ్మ పరుగున వచ్చింది. రాయచోటి మనిషి, ఆ ఇంట్లో వంట చేస్తుంది.

"వద్దన్నా! ముసలాయనకేమన్నా అయితే నీ నెత్తిమీదికొస్తాది. నిన్ను ఇంటికి తోలేస్తారు."

లింబాద్రి బాబా ముఖంలోకి చూశాడు. వారం నుంచి మంచం మీద మందులు మింగుతూ, పసివాడిలా మూతి తుడిపించుకుంటూ పడి ఉన్న మనిషి ఇప్పుడు హుకుం జారీ చేస్తున్నాడు. లింబాద్రికి ఒళ్లు మండింది. డాక్టరు మీద, హమద్ మీద, తాను ఇన్నేళ్లూ అన్న ఆ "జీ సాబ్"ల మీద.

"తోలనీ చెల్లె. మంచంల పండి సచ్చుడు ఆయనకిష్టం లేదు. ఆయన పాట ఆయనిష్టం, నా చెయ్యి నా ఇష్టం."

పిడి కిందికి నొక్కాడు. పెట్టె లోపల తోలుతిత్తి ఉబ్బింది. గొట్టాలు ఒక్కసారిగా గొంతు విప్పాయి. బాబా తడబడ్డాడు, ఆపాడు, మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు. రెండోసారి పాట తప్పలేదు. లింబాద్రి భుజం సలుపుతున్నా పళ్లు బిగించి కొడుతూనే ఉన్నాడు. గురవమ్మకు భయమేసి హమద్‌కు ఫోన్ చేసింది.

పాట నెమ్మదించింది. ఆఖరికి ఒకేచోట నిలిచిపోయింది. వేళ్ల కింద నొక్కి ఉన్న నాలుగు స్వరాలే మోగుతున్నాయి, మారడం లేదు. లింబాద్రి మెడ చాచి చూశాడు. బాబా తల ఆర్గన్‌కు ఆని ఉంది. చెయ్యి మెట్ల మీదే ఉంది.

"బాబా!"

గురవమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, మెడ మీద చూసింది. "అయిపోయిందన్నా" అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

లింబాద్రి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి మాత్రం ఆపలేదు.

హమద్ వచ్చేసరికి ఇల్లంతా ఆ మోతే.

"బంద్ కరో!"

"బాబా చెయ్యి తియ్యలే" అన్నాడు లింబాద్రి తెలుగులోనే. "తీసేదాక నేనాప."

హమద్‌కు మాట అర్థం కాలేదు, తండ్రిని చూశాక సంగతి అర్థమైంది. దగ్గరికి వెళ్లి తండ్రి చేతిని తానే ఎత్తాడు. ఇల్లు నిశ్శబ్దమైంది. అప్పుడు లింబాద్రి పిడి వదిలాడు.

సాయంత్రం ఖననం చేసి వచ్చాక హమద్ ఎర్రబడ్డ కళ్లతో "జావో" అన్నాడు. లింబాద్రి బతిమాలలేదు. "మాఫ్ కరో" అనలేదు. "జాతా హూ. లేకిన్ గలత్ నహీ కియా" అన్నాడు, పోతాను గానీ తప్పు చేయలేదని, సూటిగా చూస్తూ.

పరామర్శకు జనం వస్తారని గురవమ్మ ఆర్గన్ తుడవడానికి తడిగుడ్డ పట్టుకొచ్చింది. లింబాద్రి దాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

"గా మెట్లు తుడువకు చెల్లె."

గుడ్డను తన సంచిలో కుక్కుకుని బయటికి నడిచాడు. హాల్లో ఆర్గన్ మూత తెరిచే ఉంది. తెల్లటి మెట్ల మీద, కుడివైపున, చెమట పట్టిన వేళ్ల గుర్తులు నాలుగూ అలాగే ఉన్నాయి.