ఆవలింతకు అన్న

మా బావ మీద నాకు అనుమానం.

దొర నా కుక్క. నాతో పాటే అక్కావాళ్ళ ఫ్లాట్‌కి వచ్చి పడ్డాడు. లిఫ్ట్‌లో కొత్త మనిషి కనిపిస్తే గయ్యిమంటాడు, సైకిల్ వాళ్ళంటే అసలు గిట్టదు. ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో ఒక్క బావ మీదికే ఎందుకు దూకుతున్నట్టు? మొన్న చొక్కా చెయ్యి చిరిగింది. అక్క తేల్చేసింది.

“ఇంకొక్కసారి మీద పడ్డాడా, ఊరి బయట తోటవాళ్ళకి ఇచ్చేస్తా. నువ్వు ఏడ్చినా సరే.”

“ఊరికే ఎందుకు పడతాడే?”

“వాణ్ణే అడుగు. నీకన్నీ చెప్తాడుగా.”

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. ‘నేనేం చెయ్యలేదండీ, దానంతటదే ఆగిపోయింది’ అనేవాళ్ళని నేను నమ్మను. బావ అచ్చంగా అదే పాట పాడుతున్నాడు.

“నేనేం చెయ్యలేదు మరదలా. ముద్దు చేద్దామని వంగానంతే.”

నిప్పు లేనిదే పొగ రాదు కదా. పైగా దొరని తెచ్చిన రోజు “ఇది ఇల్లా, సత్రమా?” అన్నది ఈయనే. ఎవరూ చూడనప్పుడు కాలితో తంతున్నాడేమో, తోక తొక్కుతున్నాడేమో. నా పాత ఫోన్‌లో కెమెరా ఆన్ చేసి, గుమ్మం కనబడేలా పుస్తకాల అరలో నిలబెట్టాను.

సాయంత్రం బావ వస్తూనే అటు చూశాడు. “ఆ ఫోన్ అక్కడెందుకు?”

“ఛార్జింగ్.”

“వైరేదీ?”

“వైర్‌లెస్.”

ఆయనా నన్ను అనుమానంగానే చూశాడు. కాసేపటికే దొర ఎగిరాడు. నేను మధ్యలో దూరి బెల్టు పట్టుకున్నాను కాబట్టి అది అక్క లెక్కలోకి రాలేదు.

గదిలోకి పోయి ఆ వీడియో నెమ్మదిగా తిప్పి చూశాను. తన్నడం లేదు, తొక్కడం లేదు. బావ బ్యాగ్ దించాడు. దొర మొహం పక్కకి తిప్పుకున్నాడు. తిండేమీ లేకపోయినా ముక్కు నాక్కున్నాడు. కంటి తెల్లగుడ్డు ఓరగా కనబడింది. తర్వాత ఇంత నోరు తెరిచి ఆవలించాడు.

“ఆవలింతకు అన్న ఉన్నాడురా!” అంటూ బావ వాడి మీదికి వంగి, దవడ పళ్ళన్నీ కనబడేలా తనూ ఆవలించాడు. ఇది మా ఇంట్లో పాత జోకే. వీడియోలో నా నవ్వు కూడా వినబడుతోంది. దొర తోక ఆగిపోయింది. ఒళ్ళు కర్రలా బిగుసుకుంది. ఆ తర్వాతే దూకాడు.

నాకు ఇంకో అనుమానం మొదలైంది. మధ్యాహ్నమంతా నా కుర్చీ కింద గుర్రు పెట్టినవాడికి అప్పుడే నిద్రేంటి? పశువుల డాక్టర్ బల్ల మీద సూదిని చూసి కూడా వీడు ఇలాగే ఆవలించాడు. సూదిని చూసి నిద్రొచ్చేది ఎవరికి?

అది నిద్ర కాదు. ‘కొంచెం దూరం జరగండి బాబూ’ అని ముక్కుతో, కంటితో, నోటితో వాడు మొత్తుకుంటుంటే మేం సామెతలు చెబుతున్నాం.

వీడియో బావకి చూపించాను.

“అంటే నా మీద నిఘా పెట్టావా?”

“పెట్టాను.”

“దొరికానా?”

“దొరికావు. ఆవలిస్తూ.”

మర్నాడు సాయంత్రం పరీక్ష. అక్క ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడింది, తోటవాళ్ళ నంబర్ తీసి మరీ. బావ నేను చెప్పినట్టే పక్కకి తిరిగి కూర్చుని, దొర వైపు చూడకుండా ఫ్యాన్‌ని చూస్తున్నాడు.

దొర వచ్చాడు. ముక్కు నాక్కున్నాడు. మొహం తిప్పుకున్నాడు. ఆవలించాడు.

బావ దవడ వణకడం మొదలైంది.

“బావా, నోరు!”

ఆయన చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయాడు. దొర కాసేపు అలాగే నిలబడి, తడిసినవాడిలా ఒళ్ళంతా విదిలించుకుని, వచ్చి నా కుర్చీ కింద పడుకున్నాడు.

అక్క ఫోన్ పక్కన పెట్టేసింది. “సరే. ఉండనీ,” అంటూనే ఆవలించింది. వెంటనే నాకూ వచ్చింది. ఇద్దరం గబుక్కున గోడ వైపు తిరిగాం.

ఓరగా చూశాను. కుర్చీ కింద నుంచి దొర తల ఎత్తి, గోడకి తిరిగిన మా ముగ్గురి వీపులనీ వరసగా చూస్తున్నాడు. మొన్నటిదాకా నేను బావని చూసిన చూపే అది.