పెళ్లిపత్రిక వెనక వైపు

కొత్తకోడలు మొదటి వారంలో నేర్చుకోవలసినవన్నీ సౌమ్య నేర్చేసుకుంది. ఉప్పుడబ్బా ఏ అరలో ఉంటుంది, మామగారి చాయలో చక్కెర ఎంత, స్నానాల గదిలో ఏ నల్లా తిప్పితే నీళ్లు నెత్తిన పడతాయి, అన్నీ తెలిసిపోయాయి. నీళ్లు నెత్తిన పడినా నవ్వే వచ్చింది. పెళ్లయిన కొత్త కదా, దేనికైనా నవ్వే వస్తుంది. కాజీపేట రైల్వే క్వార్టర్లలో రైలుకూతకు లేచిన పిల్ల, కొత్తవాడలో మామగారి మగ్గం చప్పుడుకు కళ్లు తెరిచి, ఇదేదో తనకోసమే వాయిస్తున్నట్టు మురిసిపోయేది.

ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు. ఆడబిడ్డ దీప సంచికి ఎప్పుడూ ఒక తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. ఇంట్లో ఏ తాళానికీ అది పట్టదు.

"ఇది ఏ తాళానిది దీపా?"

"తెల్వదు వదినా."

"తెల్వకుండ ఎందుకు మోస్తానవ్?"

"ఓనరు దొరకలే. ఎన్నడన్న అడిగితే ఇయ్యాలె గద."

అప్పుడు చెప్పింది దీప. పన్నెండో ఏట నుంచి ఆమెకు మూర్ఛ ఉంది. ఇంట్లో అందరూ ఫిట్సు అంటారు. మాత్రలు తప్పకుండా వేసుకుంటుంది, అయినా నాలుగైదు నెలలకొకసారి వచ్చి పలకరించి పోతుంది. వచ్చినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్లు ఇనుము పెట్టాలని చేతిలో తాళాలు కుక్కుతారు. పోయినేడు బస్టాండులో పడిపోయి లేచేసరికి రెండు చేతుల్లో కలిపి ఏడు తాళంచెవులు. ఆరింటిని ఎవరివి వాళ్లు తీసుకుపోయారు. ఏడోది మిగిలిపోయింది.

"పాపం, ఆ మనిషి ఇంటికి వోయి తలుపు పలగ్గొట్టుకున్నడో ఏమో," అని దీప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకుంటుందో కూడా సౌమ్యకు ఆ రోజే తెలిసింది. అదే బస్టాండులో ఎవరో పుణ్యాత్మురాలు పళ్ల మధ్య స్టీలు చెంచా దూర్చింది. ముందుపన్ను ఒక మూల విరిగింది. ఆనాటి నుంచి అత్తగారు శోభారాణి బిడ్డను గల్లీ చివరి కిరాణా దుకాణం దాటి ఒంటరిగా పోనివ్వలేదు.

సౌమ్య ఊరుకునే రకం కాదు. బీఎస్సీ చదివింది, పైగా ఏ పనైనా కొత్తగా కనిపించే రోజులు. దీపతోపాటు తనూ దవాఖానకు వెళ్లింది. డాక్టరమ్మను ప్రశ్నలతో ఊపిరి తిప్పుకోనివ్వలేదు. ఇంటికొచ్చి, మిగిలిపోయిన పెళ్లిపత్రిక ఒకటి తీసి, వెనక వైపు లావుపాటి అక్షరాలతో రాసింది: "పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తల కింద మెత్తటిది పెట్టాలి. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా. చేతులు కాళ్లు అదిమిపట్టొద్దు. తాళాలు, ఉల్లిగడ్డ, చెప్పు అక్కర్లేదు. టైం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే దవాఖాన." దాన్ని ఫ్రిజ్జుకు అంటించింది.

నాయనమ్మ చిలుకమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివించుకుంది. తన మొలకున్న ఇనుప తాళంచెవిని ఒకసారి తడుముకుని, "నేను యాబై ఏండ్ల సంది ఎందుకు మోస్తాన మల్ల దీన్ని?" అని అడిగింది.

"బియ్యం గోలెం అర్రకు తాళం వేస్తందుకు, నాయనమ్మా," అంది సౌమ్య. ముసలమ్మ కిసుక్కున నవ్వింది.

శోభారాణి మాత్రం నవ్వలేదు. ఫ్రిజ్జు తలుపు తీసినప్పుడల్లా ఆ కాగితాన్ని ఒకసారి చూసి పాలు తీసుకునేది.

ఇంతలో దీపకు ఒక మంచి కబురు వచ్చింది. హన్మకొండలో దర్రీ తివాచీల డిజైన్ నేర్పే మూడు వారాల క్లాసులో సీటు దొరికింది. వదిన తోడుంటే పంపిస్తానంది శోభారాణి. రెండు వారాలు ఇద్దరూ సర్వీసు ఆటోలో వెళ్లొచ్చారు. ఆఖరి వారం ఎవరి డిజైన్‌ను వాళ్లే మగ్గం ఎక్కించి నేయాలి. రెండు రోజులు నాగా పెడితే ఆ మగ్గం వెయిటింగులో ఉన్నవాళ్లకు ఇచ్చేస్తారు. దీప గీసుకున్న డిజైన్ చూసి క్లాసులో అందరూ ఏం పువ్వులివి అని అడిగారు. పువ్వులు కాదు. నీలం మీద ఎర్రగా, వరుసకు ఏడు తాళంచెవులు.

సరిగ్గా ఆ వారమే ఆషాఢం వచ్చి పడింది. కొత్తకోడలు పుట్టింటికి పోవాలి. అత్తాకోడళ్లు ఒకే గడప దాటొద్దు, ఒకరి ముఖం ఒకరు చూడొద్దు. కొత్త పెళ్లికొడుకు అత్తగారింటి ఛాయలకే పోవద్దు. సౌమ్య పెట్టె సర్దుకుని కాజీపేట వెళ్లింది.

"శ్రావణంల సౌమ్య వస్తది, అప్పుడు పోదువు తియ్," అంది శోభారాణి.

"అప్పటికి క్లాసు అయిపోతదే అమ్మా!"

"నేను దినమంత నీ తోటి కూసుంటే మీ బాపుకు నూలు కండెలు ఎవలు చుడుతరు? అయినా నువ్వు పడితే నాకు చేతులు వణుకుతయి బిడ్డ. తాళాలు దేవులాడుడు తప్ప నాకేం వస్తది?"

దీప ఏడుస్తూ వదినకు ఫోను చేసింది. సౌమ్య క్షణం ఆలోచించి, గాల్లో ఒక గంతు వేసింది. కాజీపేటకూ కొత్తవాడకూ నడుమనే ఉంది కదా హన్మకొండ! చౌరస్తాలో గడప ఎక్కడుంది? అత్తగారు అక్కడిదాకా తెచ్చి అప్పజెబితే, మిగతాది తాను చూసుకుంటుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది గానీ అది ఫోనులో చెప్పలేదు. భర్త పవన్ పనిచేసే మొబైల్ షాపు ఆ చౌరస్తాకు పది అడుగుల దూరంలోనే ఉంది. ఆషాఢం అత్తాకోడళ్లకు ఎంత కష్టమో తెలియదు గానీ, మొగుడూపెళ్లాలకు మాత్రం చాలా కష్టం.

మర్నాటి నుంచి చౌరస్తాలో ఒక వింత నడిచింది. ఆటో దిగి శోభారాణి కొంగు ముఖం మీదికి లాక్కుని, గోడ మీది సినిమా పోస్టరును చూస్తూ నిలబడేది. సౌమ్య అటు తిరిగి, సోమక్క బండి మీద కాలుతున్న మక్కకంకులను చూస్తూ నిలబడేది. నడుమ దీప.

"దీపా, మీ వదినకు చెప్పు, డబ్బల పచ్చిపులుసు పెట్టిన అని."

"దీపా, అత్తమ్మకు చెప్పు, వాసన ఇక్కడి దాక వస్తాంది అని."

"చిక్కిందా ఏంది మీ వదిన? అడుగు."

"నువ్వే చూడరాదే అమ్మా!"

"థూ! ఆషాఢం!"

సోమక్క కంకి మీద నిమ్మచెక్క రుద్దుతూ కడుపుబ్బ నవ్వేది. మధ్యాహ్నం ఒంటిగంటకు పవన్ వచ్చి, భార్యతో కలిసి ఒక్క కంకినే అటొక వైపు ఇటొక వైపు కొరుక్కు తినడం చూసి ఇంకా నవ్వేది. "కొత్త సంబురం," అనేది.

అయిదో రోజు పొద్దున సన్నగా తుప్పర పడుతోంది. మగ్గం మీద దర్రీ సగానికి పైగా వచ్చింది. ఆ సంతోషంతో దీపకు ముందురోజు సరిగ్గా నిద్రే పట్టలేదు. ఆటో దిగి రెండడుగులు వేసింది. మాట నడుమ ఆగిపోయింది. చూపు ఎటో నిలిచిపోయింది. సంచి జారింది.

సౌమ్య వెనక నుంచి పట్టుకుని మెల్లగా కింద పడుకోబెట్టింది. దీప ఒళ్లంతా కొట్టుకోసాగింది.

శోభారాణి కొంగు ఎగిరిపోయింది. "తాళాలు! అయ్యో, ఎవలన్న తాళాలియ్యుండ్రి!"

ముగ్గురు ఆటోవాళ్లు ఒక్క ఊపున తాళాలు పీక్కుని ఉరికొచ్చారు. దాంతో చౌరస్తా నడిబొడ్డున మూడు ఆటోలు ఒక్కసారే ఆగిపోయాయి. వెనక బస్సు హారను మోగుతోంది. సోమక్క చేతిలోని నిమ్మచెక్కతో అట్లాగే పరిగెత్తుకొచ్చింది. "వాసన చూపియ్యుండ్రి!"

"అక్కా, అది కంకికే రాయి!" అంది సౌమ్య, దీపను పక్కకు తిప్పి, చున్నీ మడిచి తల కింద పెడుతూ. "అన్నా, తాళాలు మీ జేబుల పెట్టుకోండ్రి. చేతులు పట్టద్దు. నోట్లె ఏం పెట్టద్దు. జర గాలి రానియ్యుండ్రి." ఆమె గుండె మాత్రం రైలు పట్టా మీద గులకరాయిలా ఎగురుతోంది. కాగితం మీద రాయడం వేరు, తడిసిన రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చోవడం వేరు.

తల ఎత్తి చూస్తే అత్తగారు. రెండు చేతులూ గాలిలో దేన్నో వెతుకుతున్నాయి. సౌమ్య తన ఫోనును ఆ చేతుల్లో పెట్టింది.

"అత్తమ్మా, టైం మీరే చూడాలె. అయిదు నిమిషాలు దాటితే దవాఖానకు. గట్టిగ చెప్పుండ్రి, నాకు వినపడాలె."

శోభారాణి రెండు చేతులతో ఫోను పట్టుకుంది. "ఒక్క నిమిషం… ఒక్క నిమిషం పది… ఇరవై…" గొంతు మెల్లమెల్లగా గట్టిపడింది. చుట్టూ మూగినవాళ్లంతా గప్‌చుప్‌గా వింటున్నారు. "రెండు నిమిషాలు… రెండు నిమిషాల పది…"

దీప ఒళ్లు మెల్లగా సద్దుమణిగింది. ఊపిరి తేటగా వచ్చింది. చౌరస్తా అంతా ఒక్కసారే ఊపిరి వదిలింది.

కాసేపటికి దీప కళ్లు తెరిచింది. మనిషింకా మత్తులోనే ఉంది. అలవాటు ప్రకారం కుడి గుప్పిట విప్పి చూసుకుంది. ఎడమది చూసుకుంది. మళ్లీ కుడిది చూసుకుంది.

"ఒక్కటి గూడ లేదా?"

"లేదు బిడ్డ," అంది శోభారాణి, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో. "మీ వదిన ఇయ్యనియ్యలే."

అప్పుడు చూసుకున్నారు అత్తాకోడళ్లు, ఆషాఢంలో, పట్టపగలు, మూరెడు దూరంలో ఎదురెదురుగా. శోభారాణి చెయ్యి కొంగు మీదికి పోయింది, సగంలో ఆగింది. కొంగును తీసుకుపోయి నడుముకు దోపుకుంది. "నిజంగనే చిక్కినవ్," అంది.

ఆ రోజు క్లాసుకు పోలేదు. తాళాలు పీక్కుని వచ్చిన ముగ్గురిలో మొగిలి అనే ఆయన తల్లీబిడ్డలను ఇంటి ముందు దింపాడు. దీప సాయంత్రం దాకా నిద్రపోయింది. లేచాక కాజీపేటలో ఉన్న వదినకు ఫోను చేసింది, స్పీకరు పెట్టి. ముందుగా నాయనమ్మ గొంతు వినిపించింది. "రోడ్డుకు గడప ఉంటదా? ఉండది. గడప లేనికాడ ఆషాఢం లేదు. ఫికర్ చేయకు సౌమ్యా."

తరువాత దీప పక్కనున్న తల్లితో అంది, "అమ్మా, రేపు గూడ పోకుంటే నా మగ్గం ఇంకొకలకు ఇస్తరు. రేపు పోత. ఒక్కదాన్నే పోత. ఎన్ని దినాలని మీరు నన్ను చౌరస్తల చేతులు మార్చుకుంటరు?"

సౌమ్య ఫోనును చెవికి అదుముకుంది. శోభారాణి గొంతు సవరించుకున్నట్టు వినపడింది. సరిగ్గా అప్పుడే క్వార్టర్ల వెనక నుంచి గూడ్సు బండి వచ్చింది. పుట్టిన నాటి నుంచి రైళ్లను ప్రేమించిన సౌమ్య మొట్టమొదటిసారి ఒక రైలును తిట్టుకుంది. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె. బండి పోయేసరికి ఫోను కూడా కట్టయింది. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

పొద్దున ఎనిమిదింటికే సౌమ్య చౌరస్తాలో నిలబడింది. పవన్ షాపు తెరవకుండానే వచ్చి పక్కన నిలబడ్డాడు. "మీ అమ్మ ఏమన్నది?" అంటే, "నన్ను అడగకు, నువ్వే చూడు," అని ముసిముసిగా నవ్వాడు.

మొగిలి ఆటో వచ్చి ఆగింది. దీప దిగింది. ఆమె వెనక ఎవరూ దిగలేదు.

సౌమ్య ఉరికి కౌగిలించుకోబోతే దీప చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు వదినా, పని ఉన్నది." సంచిలోంచి కట్ట తీసింది. మిగిలిపోయిన పెళ్లిపత్రికలు. వెనక వైపు శోభారాణి గుండ్రటి చేతిరాత. "తాళాలు పెట్టద్దు" కింద రెండు గీతలు. "టైం చూడాలె" కింద మూడు. "రాత్రి అమ్మ కూసొని రాసింది. నేను చెప్పిన, ఇచ్చుడు మాత్రం నేనే ఇస్త అని."

ఆటోస్టాండులో ఒక్కొక్కరికీ తనే పంచింది. మొగిలి పత్రికను అటూ ఇటూ చూశాడు. "పెండ్లి అయిపోయినట్టున్నది కదా చెల్లె?"

"వెనకకు తిప్పు అన్నా."

మొగిలి చదివాడు. నిన్న తాను పీక్కొచ్చిన తాళంచెవిని ఒకసారి చూసుకున్నాడు. పత్రికను ముందు అద్దానికి లోపలి నుంచి అంటించాడు, రాత తనకు కనపడేటట్టు. మిగతావాళ్లూ అట్లాగే చేశారు.

దీప సంచి భుజాన వేసుకుని క్లాసు వైపు నడిచింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతూ ఒకసారి వెనక్కి చూసింది, అంతే. సౌమ్య ఫోను మోగింది.

"దిగిందా?" శోభారాణి.

"దిగింది అత్తమ్మా. నడిచిపోతాంది."

"ఒక్కతే?"

"ఒక్కతే."

"టైం ఎంతయింది?" అని అత్తగారు అడిగింది, ఊరికే, అడగాలనిపించి.

సౌమ్య చెప్పబోయి నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. చౌరస్తా నిండా ఆటోలు. ప్రతి ఆటో అద్దం మీదా, బయటి వైపు, పసుపు కుంకుమ అంచుతో మెరుస్తూ: చి.ల.సౌ. సౌమ్య, చి. పవన్. ఆషాఢ మాసంలో, ఒకరింటికి ఒకరు పోకూడని రోజుల్లో, ఇద్దరి పేర్లూ పక్కపక్కన కూర్చుని ఊరంతా తిరగడానికి బయలుదేరాయి.