రెండో నంబరు బల్ల

తాళానికి చుట్టిన ఎర్రదారం తెగలేదు. ముడి కూడా తను వేసిందే. అయినా నమ్మకం కుదరక నోరీన్ బిర్కెట్ ఆ తాళాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. ఇనుప వాసన తప్ప ఇంకేమీ లేదు. అప్పుడుగానీ గోడకున్న పొడవాటి రేకుపెట్టె తెరిచి తను స్నూకర్ ఆడే క్యూ కర్ర బయటికి తియ్యలేదు.

మధ్యాహ్నం రెండున్నర. పొద్దున్నించీ బడి వంటగదిలో రెండువందల మంది పిల్లలకు బంగాళాదుంపలు చెక్కు తీసి, ఉడికించి, మెదిపి వచ్చింది. చేతులకింకా ఆ వాసన పోలేదు. యాభై ఏడేళ్ల మనిషి. పొట్టిదే కానీ భుజాలు మాత్రం గనిలో పనిచేసిన తండ్రివి. వంగి గురిచూసిన ప్రతిసారీ కర్ర ఆనే చోట, గడ్డం కింద గోరంత మేర చర్మం అరిగి నున్నగా మెరుస్తుంటుంది.

హాథర్స్‌లీ గనికార్మికుల క్లబ్బులో ఆ వేళకి జనం ఉండరు. కౌంటరు వెనక మేవిస్ ఒక్కతే గ్లాసులు తుడుస్తోంది.

"పోగ్సన్ ఏడీ?" అంది నోరీన్.

"సోమవారం నించీ ఆస్పత్రిలో ఉన్నాడంటే వినవేం? ఊపిరాడట్లేదంట."

"ఆయనకా! ఎనభై ఒకటొచ్చినా గుండ్రాయిలా ఉంటాడు. ఏదో ఎత్తు వేసుంటాడు."

"ఆస్పత్రి మంచమెక్కడం కూడా ఎత్తేనా తల్లీ? నీకు టీలో పాలు పోసినా అనుమానమే."

"ఎవరు పోశారన్నదాన్ని బట్టి ఉంటుంది," అంటూ నోరీన్ ఆటగదిలోకి నడిచింది.

ఎర్నెస్ట్ పోగ్సన్ ఆ క్లబ్బులో బల్లలు చూసుకునే మనిషి. ఆకుపచ్చ గుడ్డ మీద నూగు ఒకే వైపుకి పడుకునేలా కుంచెతో దువ్వి, ఆపైన బరువైన ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేస్తాడు. ఒకప్పుడు ఆటగది గుమ్మం లోపల నేల మీద తెల్ల గీత గీసింది కూడా ఆయనే. ఆడవాళ్లు ఆ గీత ఇవతలే ఉండాలి. భర్తలకు గ్లాసులందించడానికైనా సరే, దాటకూడదు.

ముప్పై నాలుగేళ్ల కిందట నోరీన్ తండ్రి హెరాల్డ్ కూతురిచేత గులాబీరంగు సభ్యత్వం ఫారం నింపించి, ప్రతిపాదించేవారి గీత మీద సంతకం చేశాడు. బలపరిచేవారి సంతకం ఒకటి దొరికితే చాలు. ఫారాన్ని పోగ్సన్ చేతికిచ్చాడు. సరిగ్గా అదే వారం ఆటగది నేల మీద కొత్త లినోలియం పరిచారు. బల్లలన్నీ జాకీల మీదికెక్కాయి, తెల్ల గీత లినోలియం కిందికి పోయింది, దాంతోపాటే ఫారమూ పోయింది. కమిటీలో పదకొండుమందినీ హెరాల్డ్ ఒక్కొక్కరినే నిలదీశాడు. పదిమంది నవ్వారు. పోగ్సన్ ఒక్కడే బూట్లకేసి చూసుకుంటూ, "ఎక్కడో పడిపోయిందయ్యా," అన్నాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే అదేనని నోరీన్ ఆనాడే తీర్మానించేసింది.

చివరికి కమిటీవాళ్లు ఒక దయ చూపించారు. మధ్యాహ్నాలు అతిథిగా వచ్చి, మరుగుదొడ్డి పక్కన మగవాళ్లెవరూ ముట్టని రెండో నంబరు బల్ల మీద ఆడుకోవచ్చు. తర్వాత్తర్వాత రూలు మారి ఆడవాళ్లందరికీ సభ్యత్వం వచ్చింది. నోరీన్ మాత్రం రెండో ఫారం నింపలేదు. "మొదట అడిగినదానికి జవాబు చెప్పమనండి," అంది. ముప్పై నాలుగేళ్లుగా అతిథిగానే ఉండిపోయింది.

ఆ అతిథే ప్రపంచంలో నాలుగో ర్యాంకు దాకా వెళ్లింది. కర్రను మోకాళ్ల మధ్య పెట్టుకుని రాత్రంతా బస్సుల్లో ప్రయాణం, మగవాళ్ల ఆటలు టీవీలో వస్తుంటే వెనక గదిలో తమ ఆట, ఒకసారైతే బహుమతిగా ఆవిరి ఇస్త్రీపెట్టె. మూడుసార్లు ప్రపంచ ఫైనల్ ఆడి మూడుసార్లూ ఓడింది. ప్రతిసారీ చివర్లో ఒక మెల్లటి బంతి, పాకెట్ కుడి పెదవికి తగిలి, లోపల పడనని మొరాయించేది. మొదటిసారి రెఫరీ బూటు కిర్రుమందని నమ్మింది. రెండోసారి గోడలో ఏసీ. మూడోసారి అవతలి అమ్మాయి కావాలనే ఘాటైన సెంటు పూసుకొచ్చింది. ఇప్పుడు పది రోజుల్లో యాభై దాటిన స్త్రీల ప్రపంచ పోటీ ఉంది. ఎడమ కంట్లో శుక్లం ముదురుతోంది కాబట్టి ఇదే చివరిదని ఆమెకు తెలుసు.

నల్లబంతిని దాని చుక్క మీద పెట్టి, వంగి, మెల్లగా కొట్టింది. కుడివైపు తప్పిపోయింది.

మళ్లీ పెట్టింది. మళ్లీ కుడివైపే. పదకొండుసార్లు కొడితే తొమ్మిది తప్పాయి. రెండో నంబరు బల్ల అలా చెయ్యదు. దాని మీద మెల్లటి బంతి చివర్లో రవ్వంత ఎడమకి ఒదుగుతుంది. అది ఆమెకి తన ఇంటి మెట్లంత తెలుసు.

"ఎవడో నా బల్లని ముట్టుకున్నాడు!" అని అరిచిన అరుపుకి మేవిస్ చేతిలో గ్లాసు జారింది.

డెరెక్ లమ్ ముప్పావుగంటలో వచ్చాడు. ఆ చుట్టుపక్కల బల్లలు బిగించేది అతనే. రాకపోతే ఆవిడ ఫోను ఆపదని తెలుసు. రసమట్టం బల్ల మీద నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూశాడు. నీటిబుడగ గీతల మధ్య కదలకుండా కూర్చుంది.

"ఈ జిల్లాలో ఇంత సమంగా ఉన్న బల్ల ఇంకోటి లేదు నోరీనూ."

"అయితే నీ రసమట్టమే తప్పు."

"అది తప్పైతే నేను తిండి మానెయ్యాలి," అంటూ లమ్ టార్చి తీసుకుని బల్ల కిందికి దూరాడు. లోపల టార్చి వెలుగు ఒకచోట ఆగింది. తర్వాత, "ఇలా రా. ఈ కాలు పక్కన చూడు," అన్నాడు.

లినోలియంలో అగ్గిపెట్టంత గుంట పడి ఉంది. దాని అడుగు ఇంకా కొత్తదానిలా మెరుస్తోంది.

"ఇక్కడ మందంగా ఏదో మడతపెట్టి ఉండేది. ఎన్నేళ్లుందో, టన్ను బరువు కింద గుంట పడిపోయింది. ఈమధ్యే ఎవరో జాకీ పెట్టి తీశారు, కాలు కాస్త పక్కకి జరిగింది, గీరుడు చూడు. అదున్నన్నాళ్లూ ఈ బల్ల వాలుగా ఉందన్నమాట."

నోరీన్ మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది. మామూలు పోటీల్లో, వేరే ఊళ్ల బల్లల మీద, కన్ను ఎలాగో సర్దుకునేది. గెలుపోటములు తేలే ఆఖరి బంతి దగ్గర మాత్రం చెయ్యి ఇంటి బల్లనే నమ్మేది. రాని వాలు కోసం కుడికి గురిపెట్టేది. కిర్రుమన్న బూటు, ఏసీ, సెంటు... లోకంలో అందర్నీ అనుమానించింది. ఈ ఒక్క బల్లని తప్ప.

కౌంటరు దగ్గర ఫోను మోగింది. కాసేపటికి మేవిస్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పోగ్సన్ పోయాడంట. మూడుంపావుకి."

లమ్ టోపీ తీశాడు.

"ఆదివారం పొద్దున్నే వచ్చాడు," అంది మేవిస్. "అంత పొద్దున్నే ఏం పనంటే, బల్ల పని అన్నాడు. చెమటతో తడిసిపోయి, రొప్పుకుంటూ ఒక కవరిచ్చాడు. నేను మళ్లీ రాకపోతే ఆ పిల్లకివ్వు అన్నాడు. వస్తాడులే అనుకున్నానే నోరీన్."

యాభై ఏడేళ్లొచ్చినా పోగ్సన్ నోట ఆమె 'ఆ పిల్లే'. నోరీన్ కవరుని కూడా వాసన చూసింది. వేడి గుడ్డ వాసన. లోపల గులాబీరంగు కాగితం ఒకటే ఉంది, ఉత్తరం లేదు. పైన ఇరవై మూడేళ్ల నోరీన్ గుండ్రటి చేతిరాతలో ఆమె పేరు. బల్లకి వాడే ఇస్త్రీపెట్టెతోనే పోగ్సన్ దాన్ని సాపు చేసినట్టున్నాడు. మడతలు మాత్రం పోలేదు. ఆమె వాటి వెంటే తిరిగి మడిచింది. చిన్న గట్టి బిళ్లయ్యింది. వంగి గుంటలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"ముసలి పీనుగ!" అంది. "నన్ను ఓడించడానికి పెట్టాడు. ఇప్పుడు పది రోజుల ముందు తీసి మళ్లీ ఓడిస్తున్నాడు. నా మూడు ఫైనళ్లు, మేవిస్! మూడు!" ఆమె ఏడవడం మేవిస్ అదే మొదటిసారి చూడటం.

లమ్ మెల్లగా అన్నాడు. "నువ్వు ఊఁ అంటే మళ్లీ పెట్టేస్తా. పది నిమిషాల పని. పాత బల్ల మీదే సాధన చేసుకుని వెళ్దువుగాని."

నోరీన్ గుంటలోంచి బిళ్లని బయటికి తీసింది. కాగితం విప్పి దీపం కిందికి తీసుకెళ్లింది. అడుగున ప్రతిపాదించేవారి గీత మీద, ఏనాడో పోయిన తండ్రి సంతకం ఉంది. దాని కింద, ఖాళీ అనుకున్న బలపరిచేవారి గీత మీద, ఇంకొకటి. ఎర్నెస్ట్ పోగ్సన్.

చచ్చేముందు పాపభయంతో గీకి ఉంటాడనుకుంది. కళ్లద్దాలు తీసి మంచికన్ను దగ్గరగా పెట్టి చూసింది. పేరు మధ్యగా మడత పోయింది. ఆ మడతలో సిరా రాలిపోయి, రెండక్షరాలు సగం సగమే మిగిలాయి. మడిచాక చేసిన సంతకమైతే సిరా అలా రాలదు. కాగితం కాలు కిందికి పోకముందే ఆ పేరు అక్కడ ఉంది.

అంటే ముందు సంతకం పెట్టాడు. తర్వాత ఆ పదిమంది నవ్వుకి భయపడ్డాడు. తన పేరు ఎవరి కంటా పడకుండా, టన్ను బరువు కింద దాచాడు. బల్ల వాలిందని ఆయన చెయ్యికి తెలియకుండా ఉండదు. తీస్తే అదేం కాగితమంటారు. ఆమెని ఓడించాలని కాదు. ఒట్టి పిరికితనం. ముప్పై నాలుగేళ్లు ఆమె తప్పు నేరానికి తీర్పు చెప్పింది. ఇది దానికన్నా చిన్న నేరం. తన మూడు ఫైనళ్లకు ఇంత చిన్న కారణమా అని నోరీన్‌కి అదో రకం కోపమొచ్చింది.

"ఏం చెయ్యమంటావ్?" అన్నాడు లమ్.

"నీ జాకీ తీసుకుని ఇంటికి పో."

ఆ తర్వాత ఆరింటిదాకా నల్లబంతి కొడుతూనే ఉంది. చెయ్యి మాట వినలేదు, కుడికే పోయింది. ఎప్పుడో ఒకటి పడింది. మళ్లీ పెట్టింది. వెళ్లేముందు కర్రని పెట్టెలో పెట్టి తాళం వేసి, ఎప్పట్లాగే దారం కట్టింది. అది మాత్రం మానలేదు.

గుమ్మం పక్కన నోటీసు బోర్డుంది. కొత్త సభ్యులు కావాలనుకునేవాళ్ల ఫారాలు దాని మీద పది రోజులుంటాయి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవచ్చని. నోరీన్ మేవిస్‌ని ఒక గుండుపిన్ను అడిగింది.

మర్నాడు పొద్దున్న క్లబ్బు తెరిచేసరికి, బంగాళాదుంప పండగ ప్రకటనకీ పోగ్సన్ అంత్యక్రియల కబురుకీ మధ్య ఆ గులాబీరంగు కాగితం వేలాడుతోంది. అడుగున ఇద్దరు పోయినవాళ్ల పేర్లు, రెండోది మడత దగ్గర విరిగి ఉంది.