చెంబెడు నీళ్ళు

నేను మేకునేమీ కాను గానీ, నన్ను మేకులాగే దిగ్గొట్టారు. మట్టిలో ఎంత తేమ ఉందో చెప్పే పరికరాన్ని. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అనంతపురం జిల్లాలో సుంకమ్మ చెనక్కాయ చేలో, గట్టు పక్కన తేలాను.

పైనుంచి ఉపగ్రహం నేలను ఫొటోలు తీస్తుంది. ఎండెంత, వానెంత, వేర్లు తాగిందెంత అని కంప్యూటర్ పంట లెక్క కడుతుంది. ఆ రెంటికీ పొత్తు కుదరకపోతే నన్ను అడుగుతారు. మట్టిలో ఉన్నవాణ్ణి కదా, నా మాటకే విలువ.

నన్ను పాతిన ఆఫీసు మనిషి ఖలందర్ వెళ్తూ చెప్పాడు. "పెద్దమ్మా, దీన్ని జాగర్తగా చూసుకో."

"నా చేలో నిలబడిండాది, చూసుకోనా నాయనా?"

చూసుకుంది. సద్ది విప్పే ముందు గట్టు మీద తాను మొక్కే రాయికి చెంబెడు నీళ్ళు పోయందే ఆమె ముద్ద నోట పెట్టదు. పక్కనే ఉన్న నన్ను వదిలేసి రాయికొక్కదానికే పోయడానికి మనసొప్పలేదు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. తాగే నీళ్ళకే కటకట. అయినా మానలేదు.

"నువ్వూ నా మాదిరే ఎండలో మాడతాండావు గదప్పా" అంటూ పోసేది.

నాకు తేమ తగిలితే తేమ అని చెప్పడమే తెలుసు. ఎవరు పోశారో చెప్పే నోరు లేదు.

పూత రాలి, కాయ కట్టడానికి చెనక్కాయ ఊడలు నేలలోకి దిగే సమయం. బోరులో ఒక్కసారి చేను తడపడానికి సరిపడా నీళ్ళున్నాయి. ఉపగ్రహం నేల ఎండిందంది, నేను తేమ ఉందన్నాను. నా మాటే నెగ్గింది. ఫోనుకొచ్చిన మెసేజ్‌ను మరిది వన్నూరప్ప చదివాడు. "నేలలో తేమ చాలినంత ఉంది. ఇప్పుడు నీళ్ళు పెట్టనక్కర్లేదు."

"నేల నోరు తెరిచిండాదే, తేమ యాడుందిరా?"

"ఆకాశం నుంచి చూసి చెప్తాండారు వదినా. నీ కండ్లేమన్నా అంతకంటే పెద్దవా?"

సుంకమ్మ మోటరు వెయ్యలేదు. గట్టిపడిన నేలలోకి దిగలేక ఊడలు గాల్లోనే మాడిపోయాయి. ఆలోగా బోరూ అడుగంటింది.

పంట పోయిందని తెలిసి ఖలందర్ వచ్చి నా చుట్టూ తవ్వాడు. నా కాళ్ళ దగ్గర బురద. అడుగు అవతల దుమ్ము.

"ఇక్కడ నీళ్ళు పోసినారా పెద్దమ్మా?"

"దినామూ పోసినా. చూసుకోమంటివి గదా."

అతను తల వంచుకుని నన్ను పీకాడు, జీపులో పడేశాడు.

ఆమె జీపు దాకా వచ్చింది. "మీ ఆఫీసులో దీనికి ఇన్ని నీళ్ళు పోసేవాళ్ళుండారా నాయనా?"

ఎవరూ లేరు. స్టోరు గదిలో, గోనెసంచిలో ఉన్నాను. కాళ్ళకంటిన బురద ఎండి రాలిపోయింది. ఇప్పుడడిగితే తేమ లేదని సరిగ్గానే చెబుతాను. అడిగేవాళ్ళు లేరు.