చింతపండుతో తోమిన పలక

నేను ఒక రెండు సీట్ల స్పోర్ట్స్ కారును. ఈ వాక్యం రేపటికి అబద్ధం కావచ్చు కనుక ఇప్పుడే చెప్పుకుంటున్నాను.

ఇంగ్లండులోని ఒక చిన్న కర్మాగారంలో అల్యూమినియం రేకును చేతి సుత్తులతో సాగగొట్టి నాకు ఆకారమిచ్చారు. పుట్టుకకు గుర్తుగా బానెట్ కింద ఒక ఇత్తడి పలక బిగించి, దాని మీద నా నంబరు అద్దారు. ఓడలో విశాఖపట్నం వచ్చాను. నన్ను తెప్పించుకున్న జనపనార కంపెనీ దొర స్వదేశం వెళ్లిపోతూ, పోర్టు ఇంజనీరు భుజంగరావుగారికి నన్ను అప్పగించాడు.

నేను పరుగు కోసం పుట్టానన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. బీచి రోడ్డులో సైకిళ్లు నన్ను దాటిపోయేవి. అయినా పక్కన కూర్చున్న ఆయన భార్య కనకవల్లిగారు, "కొంచెం నెమ్మదిగా పోనివ్వండీ, జడలో పూలు ఎగిరిపోతన్నాయి" అనేవారు. ఏటా ఆయుధపూజనాడు ఆమె బానెట్ ఎత్తించి, దేవుడి సామాన్లతో పాటు నా పలకనూ చింతపండుతో తోమి కుంకుమ బొట్టు పెట్టేవారు. అంతటి మన్నన నా తోటివారెవరికీ దక్కి ఉండదు.

ఆయన పోయారు. ఆమె మారిన అపార్ట్‌మెంటులో నాకు చోటు లేదు. అలా హైదరాబాదులో వేలానికి చేరాను. అసలైనదాన్నని నిపుణుడు ధ్రువీకరిస్తే ఒక మ్యూజియంవారు నన్ను ఉన్నదున్నట్టు నిలుపుకుంటామన్నారు. లేకపోతే, విప్పి అమ్ముకునే విడిభాగాల వ్యాపారి అక్కడే కాచుకుని ఉన్నాడు.

నిపుణుడి పేరు నీలాద్రి. తన జుట్టుకు నల్లరంగు వేసుకున్న ఆ పెద్దమనిషి నా వెలిసిన రంగును చూసి మురిసిపోయాడు. చిరిగిన తోలు సీటును ఆప్యాయంగా నిమిరాడు. ఇంజను మాత్రం మధ్యలో మార్చినది. చట్రం మీద చెక్కిన నంబరును సముద్రపు గాలి ఏనాడో తినేసింది. ఇక మిగిలినది పలక. నన్ను సాగనంపడానికి హైదరాబాదు దాకా వచ్చిన కనకవల్లిగారు తానే ముందుకు వచ్చి, ఎంత మెరుస్తోందో చూడమన్నారు.

అతడు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "దీని మీద నంబరేదమ్మా?"

"ఏటేటా దసరాకి నేనే తోమేదాన్ని బాబూ. ఇత్తడి కదా, మసకబారితే చూస్తూ ఊరుకుంటామా?"

"ఊరుకుని ఉంటే బాగుండేదమ్మా," అన్నాడతడు మెల్లగా. "ఇది అసలు బండేనని నా మనసుకి తెలుస్తూనే ఉంది. మనసుకి తెలిసిందాని మీద సంతకం పెట్టలేను."

అవును, నేనే అని చెప్పాలని నాకు ఎంతగా అనిపించిందో! నాకున్న గొంతు హారన్ ఒక్కటే; దాన్నీ ఎవరో ఒకరు నొక్కాలి. ఎవరూ నొక్కలేదు.

వేలంలో మ్యూజియంవారి చెయ్యి లేవలేదు. వ్యాపారి పనివాడు స్క్రూ డ్రైవరుతో నా దగ్గరకు వచ్చి, ముందుగా పలకను విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "నంబరు లేనిది మాకెందుకమ్మా, మీరే ఉంచుకోండి."

ఆమె దాన్ని రెండు చేతులా అందుకుని, అలవాటు చొప్పున కొంగుతో తుడవబోయి, ఆగిపోయారు. పనివాడి వేలిముద్ర మరక అలాగే ఉంచి, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు.

పనివాడు ఇప్పుడు నా చక్రాల దగ్గర కూర్చున్నాడు.