అత్తగారి తల మీది మంచు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరూ ముందు చూసేది పాలగిన్నె కాదు, అత్తగారి తల. కొన్ని రోజులు ఆవిడ జుట్టు మీద సన్నగా మంచు పడుతుంది. పట్టిన రోజు కొడుకు తువ్వాలు తెచ్చిస్తాడు. మర్నాడు ఆవిడకు జలుబు ఖాయం. ఎప్పుడు పట్టిందో, ఎప్పుడు కరిగిందో రాసిపెట్టమని డాక్టరు చెప్పాడు. ఎనిమిదేళ్ళుగా ఆవిడ వంటింటి క్యాలెండరులో రాస్తూనే ఉంది.

వెనక వీధిలోని వాతావరణ కేంద్రంలో కోడలికి ఉద్యోగం. లేజర్ కాంతిని ఆకాశంలోకి పంపి, తిరిగొచ్చిన వెలుగుని బట్టి మబ్బు ఎత్తు చెప్పే యంత్రం ఆవిడ చేతిలో ఉంది. పద్నాలుగు కిలోమీటర్ల పైన ఓ పలచటి మంచు మబ్బు వచ్చి పోతోందని అది రెండేళ్ళుగా మొత్తుకుంటోంది. ఆ మబ్బు కంటికి ఆనదు, ఉపగ్రహానికీ దొరకదు. డైరెక్టరు మాత్రం అది అద్దం మీద దుమ్మేనన్నాడు.

"టిఫిను ముట్టుకోలేదేం అమ్మాయ్?" అంది అత్తగారు.

"గొంతు దిగట్లేదత్తయ్యా. ఇవాళ నాలుగింటికి యంత్రం విప్పేస్తారు. దాంతోపాటే నా ఉద్యోగమూ పోతుంది. మబ్బు నిజమేనని చెప్పే సాక్షి ఇంకొకరు కావాలట."

"ఎప్పుడొచ్చిందేమిటి నీ మబ్బు?"

కోడలు విసుగ్గానే కాగితం తీసింది. "మొన్న మంగళవారం ఆరున్నర నుంచి తొమ్మిదింబావు."

అత్తగారు గోడవైపు తిరిగింది. "ఆరున్నర, తొమ్మిదింబావు. పలచన."

"గురువారం..."

"అయిదు నుంచి ఏడు. మందం. రెండు తువ్వాళ్ళు తడిశాయి."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఉపగ్రహాలవాళ్ళందరినీ బతిమాలింది గానీ, రోజూ తను జడవేసే తలను అడగలేదు!

అల్మారా అరలో పరిచిన పాత క్యాలెండర్లు కూడా లాగి, అత్తగారిని వెంటబెట్టుకుని పరుగెత్తింది. మెకానిక్ అప్పటికే పానాలు సర్దుకుని కూర్చున్నాడు. డైరెక్టరు ఒక వేలు గ్రాఫు మీద, ఒక వేలు నూనె మరకల క్యాలెండరు మీద పెట్టి ఒక్కో తేదీ చూశాడు. రెండేళ్ళు యంత్రాన్ని అనుమానించిన మనిషి ఆ తలను మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. ఒకచోట ఆగాడు.

"అమ్మా, ఇక్కడ నాలుగు రోజులు యంత్రం మబ్బుందంటోంది. మీరేమీ రాయలేదే?"

కోడలు అత్తగారి వైపు తిరిగింది.

"అప్పుడు ఊళ్ళో లేను బాబూ. మా చెల్లెలింటికెళ్ళాను."

"అదీ సంగతి!" అని ఆయన మెకానిక్‌ను పంపేశాడు.

ఇంతలో అత్తగారి పాపిట తెల్లబడసాగింది. తెర మీద పద్నాలుగు కిలోమీటర్ల దగ్గర గీత లేచింది. డైరెక్టరు తెరవైపు చూడనేలేదు. "పలచనా, మందమా అమ్మా?" అని అడిగి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు.

హమ్మయ్య అనుకుంటూ కోడలు అక్కడే నేల మీద కూలబడింది. కళ్ళు తుడుచుకోవాలో, నవ్వాలో తెలియలేదు. అత్తగారు తల తుడుచుకుంటూ సంచిలోంచి టిఫిను డబ్బా తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఎనిమిదేళ్ళ జలుబు ఇన్నాళ్ళకి పనికొచ్చింది. ఇక తిను."