మూకుట్లో మైదాకు

ఇనుప మూకుడు మీది మూత తీస్తూనే కౌసల్య మొహం మాడ్చుకుంది. రాత్రి వంటింటి వంతు మరిది పెళ్లాం సింధూజది; తలకు పెట్టుకునే ఆ మైదాకు, అదే గోరింటాకు పొడి, నానబెట్టిందీ ఆమే మరి. ఆ యారాళ్లిద్దరికీ ఉప్పూ నిప్పూ. సర్పంచి సీటు ఈసారి ఆడవాళ్లకని తెలిసిన రోజు నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఒట్టు. పెద్దకోడలని కౌసల్య పేరు ఖాయం చేశారు. ఆమెకేమైనా అయితే సింధూజ నామినేషన్ వేస్తుంది. ఆఖరి గడువు ఇవాళే.

కౌసల్యకు జుట్టు రంగు పడదు. పడదంటే ఊరికే దురద కాదు. పోయినేడు నల్లరంగు వేసుకుంటే మొహం గుమ్మడికాయలా ఉబ్బి, కళ్లు మూసుకుపోయి జనగామ దవాఖానలో పడింది. ఇంకోసారి వేసుకుంటే గొంతు వాచి ఊపిరాడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటి నుంచి ఉత్త మైదాకే. అదీ ముందు మణికట్టు మీద ఇంత రాసుకుని, ఆగి కడిగి, ఎర్రగా వస్తేనే తలకు. జుట్టు ఎర్రబడితే పడనీ, ప్రాణం కంటే ఎక్కువా?

మొగుడు జగపతికి మాత్రం ఎక్కువే. ఊళ్లో కట్టడానికి పాలకుర్తిలో కొట్టించిన ఫ్లెక్సీలో ఆమె జుట్టు కాటుకలా దిద్దించాడు. ఆ బొమ్మకూ ఈ ఎర్రతలకూ పొంతన లేదని, ఎదుటి పార్టీ నవ్వుతుందని, ఈ అలర్జీ అంతా నఖరాలేనని వారం నుంచి ఒకటే నస.

ఆ పొద్దున కూడా కౌసల్య మణికట్టు మీద రాసుకుని, ఇల్లూ వాకిలీ ఊడ్చి వచ్చి కడుక్కుంది. మచ్చ నల్లగా వచ్చింది, బొగ్గంత నలుపు. చుట్టూ మంట మొదలైంది.

ఇంకేముంది, మూకుడు తెచ్చి సింధూజ కాళ్ల ముందు ధన్మని పడేసింది. నన్ను చంపి సర్పంచివవుతావా అంటూ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తిట్లు సింధూజ తల్లిగారింటి దాకా పోయాయి.

సింధూజ ఏడవలేదు, ఒట్టూ పెట్టుకోలేదు. రెండు అరచేతులూ ఆమె మొహం ముందు చాచింది. రాత్రి చేత్తో కలిపింది కదా, వేళ్లన్నీ ఎర్రగా పండి ఉన్నాయి. ఎక్కడా నల్లచుక్క లేదు.

“నేను రంగు కలిపితె నా చేతులు గిట్లుంటయా అక్కా? నీ మీద మంట ఉన్నది నిజమే. సంపేంత లేదు.”

అప్పుడు కౌసల్య కళ్లు జగపతి మీదికి పోయాయి. ఫోను పట్టుకున్న చూపుడువేలు కొస నల్లగా ఉంది. అదేంటని అడిగితే మీసానికి రంగేసుకున్నానన్నాడు.

“మీసం తెల్లగనే ఉన్నది గదా,” అంది కౌసల్య.

దొరికిపోయినవాడికి సిగ్గుండాలి. ఈయనకు కోపం వచ్చింది.

“ఒక్క చెంచెడేస్తె సత్తవా? కండ్లు వాస్తె చలువద్దాలు పెట్టుకో. పేరే నీది, సర్పంచిగిరి చేసెటోన్ని నేను.”

ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి! యారాలి మీద ఓ కన్నేసి ఉంచింది గానీ, పక్కలోవాణ్ని ఎవరు అనుమానిస్తారు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మైదాకు పట్టేసింది. కౌసల్య మణికట్టు సబ్బుతో తోమి, కుదుళ్లు తెల్లబడ్డ తలను అట్లాగే దువ్వి కొప్పు పెట్టుకుని ఆటో ఎక్కింది. సింధూజనూ ఎక్కమంది. జగపతి బండి మీద వెనకాలే వచ్చాడు.

నామినేషన్లు తీసుకునే చోట, పేరు ప్రతిపాదించేవాళ్లు సంతకం పెట్టాలన్నారు. ఏమీ జరగనట్టే జగపతి పెన్ను తీసి ముందుకొచ్చాడు. కౌసల్య దాన్ని లాక్కుని సింధూజ ముందు పెట్టింది.

సింధూజ వెంటనే ముట్టుకోలేదు. “నా మీద అనుమానం పోయిందా?” అంది.

“పోలే. ఆ ఇంట్ల ఎవలి మీద పోలే,” అంది కౌసల్య. “అయినా నువ్వే పెట్టు. ఆ నల్లవేలు నా కాయితం మీద పడొద్దు.”